మేకల చెవులకు దుద్దులు

నమోదు 88

నేనెవరో, నా పనేమిటో మళ్ళీ మొదట్నుంచి రాయమని కేంద్రం వారు అడిగారు కాబట్టి రాస్తున్నాను. చలి ముదిరింది కనుక ప్రతి షెడ్డులోనూ చెవులు చూసే మనిషి ఒకరుండాలనీ, ఆ మనిషి చూసిందంతా నమోదు చెయ్యాలనీ ఉత్తర్వు వచ్చింది. మా మిర్చి షెడ్డుకి ఆ మనిషిని నేను. పేరు నాంచారమ్మ. నాకున్నవి ఒకటిన్నర చెవులు. ఎడమ చెవి కింది సగాన్ని నిరుడు పుష్యమాసపు గాలి పట్టుకుపోయింది. చెవి పోగొట్టుకున్న మనిషైతే మిగతావాళ్ళ చెవులు జాగ్రత్తగా చూస్తుందని నన్ను పెట్టి ఉంటారు. లేదా నా మీద జాలిపడి ఉంటారు. జాలిపడే అలవాటు కేంద్రానికి ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు కాబట్టి మొదటిదే అయ్యుంటుంది.

పొద్దున్నే తలుపు దగ్గర నిలబడతాను. గాలిమరల రెక్కల మీద పేరుకున్న మంచుగడ్డలు కొట్టడానికి బయటికి పోయేవాళ్ళంతా నా ముందు ఆగి తల పక్కకి తిప్పాలి. చెవి అంచు మెల్లగా నొక్కి చూస్తాను. ఎర్రగా కందితే పొమ్మంటాను. మైనపు ముద్దలా తెల్లగా ఉంటే లోపలికి నడవమంటాను. తిరిగొచ్చాక మళ్ళీ ఇదే తంతు. అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న.

"నొప్పి పుడతందా?"

పుడుతోందంటే నాకు నిశ్చింత. "ఇందాకటిదాకా పుట్టింది, ఇప్పుడేం తెలవట్లా" అన్నవాళ్ళని చూస్తే గుండె జారిపోతుంది. చలి చెవిని తినేటప్పుడు ముందు నొప్పిని తినేస్తుంది.

మేముంటున్నది ఒకప్పటి మిర్చి కోల్డ్ స్టోరేజీలో. లోపలి చల్లదనం బయటికి పోకూడదని కట్టిన మందపాటి గోడలు ఇప్పుడు లోపలి వెచ్చదనాన్ని కాస్తున్నాయి. ఇన్నేళ్ళయినా గోడ మీద చెయ్యి రాసి కళ్ళు తుడుచుకుంటే చాలు, గుంటూరు కారమేమిటో తెలిసొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మీ తుమ్మీ అలవాటు పడతారు. ఆ గోడల వెంబడి కేంద్రం పంపే వేడి గొట్టాలు నడుస్తాయి. ఆ గొట్టాలే మా ప్రాణాలు.

ఇక దుద్దు సంగతి. నమోదులో "శ్రవణి" అని రాయమన్నారు. రాశాను, చూశారుగా. ఇక నుంచి దుద్దు అనే రాస్తాను. చెవి తమ్మెకి గుచ్చి వెనక సీల తిప్పే లోహపు బిళ్ళని మా వైపు ఎవరైనా దుద్దనే అంటారు. పని చెప్పేది అదే. కోతగాలి వస్తోందని హెచ్చరించేది అదే. సాయంత్రం పూట పాటలు వినిపించేదీ అదే. మనిషి ఒంటి వేడి, నాడి చూసుకుని ఫలానా మనిషి పనిలో ఉన్నాడని కేంద్రానికి చెప్పేది కూడా అదే. దాని మీద గుడ్డ కప్పకూడదు. కప్పితే ఆ మనిషి పనికి రానట్టు లెక్క, ఆ మేరకు గొట్టాల్లో వేడి తగ్గిపోతుంది.

అంటే, ఎముకలు కొరికే గాలిలో చెవులు తెరిచిపెట్టుకుని, ఆ చెవులకి లోహం తగిలించుకుని నిలబడాలి. చెవులు జాగ్రత్తగా చూసుకోమని ఉత్తర్వు వేసినవాళ్ళే ఈ నియమమూ పెట్టారు.

నమోదు 91

ఏసోబు కుడి చెవి తమ్మె నల్లబడింది. మూడో మర దగ్గర పని చేస్తాడు. నెమ్మదైన మనిషి. దుద్దు సీల తిప్పబోతే దాంతోపాటు చర్మం కూడా వచ్చింది. అతను కనీసం అబ్బా అనలేదు. అననందుకే నాకు ఏడుపొచ్చింది.

కేంద్రానికి రాశాను. చెవులకి ఉన్ని కట్టుకోనివ్వండి, దుద్దుని చొక్కా లోపల మెడకి వేలాడదీసుకోనివ్వండి అని. ఇలా రాయడం ఇది మొదటిసారి కాదు. జవాబు నా దుద్దులోనే వచ్చింది, ఎప్పుడూ వచ్చే ఆ తియ్యటి గొంతుతో:

"దయచేసి మీ శ్రవణిని అనాచ్ఛాదితంగా ఉంచగలరు. అధిక ఉష్ణోగ్రత వేళల్లో మీ భద్రతకు ఇది అత్యవసరం."

అధిక ఉష్ణోగ్రత! అప్పుడు వెలిగింది నాకు. ఈ దుద్దులు ఎండలు మండిన రోజుల్లో చేసినవి. ఆకాశానికి తెర కట్టకముందు, రోళ్ళు పగిలే ఎండల్లో మనుషులు వడదెబ్బకి పడిపోతుంటే ముందుగా కనిపెట్టడానికి చేశారు. తలకి గుడ్డ చుట్టుకుంటే ఒంటి వేడి సరిగా తెలియదని కప్పకూడదన్నారు. తర్వాత ఎండ తగలకుండా తెర కట్టారు. తెర బిగుసుకుపోయింది, దించడం ఎవరి తరమూ కాలేదు. ఎండ పోయి మంచు వచ్చింది. నియమం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఒంటి వేడి పెరిగితే గగ్గోలు పెట్టడం దుద్దుకి నేర్పారు. మనిషి బిగుసుకుపోతుంటే ఏం చెయ్యాలో నేర్పలేదు.

మా అమ్మమ్మ ఉంటే కేంద్రాన్ని దులిపేసేది. కార్తీకంలో కాస్త చల్లగాలి తగిలితే చాలు, చెవుల్లో దూది కుక్కి, మంకీ క్యాపు దిగలాగి, దాని మీద తువ్వాలు చుట్టేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆ మంకీ క్యాపు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మెరూన్ రంగు, నెత్తిన కుచ్చు. ఇవాళ దాన్ని తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేశాను.

నమోదు 97

ఈ నమోదు హైమ గురించి.

హైమ మా అక్క కూతురు. అక్క పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే పెరిగింది. ఈ నెలలో పదిహేడు నిండాయి. పదిహేడు నిండిన పిల్లకి దుద్దు పెట్టి మరల దగ్గరికి పంపాలి. పెట్టాల్సింది చెవుల మనిషి. అంటే నేనే.

కొత్త దుద్దు ఇంకా రాలేదని వాయిదా వేస్తున్నాను. అది కొంత నిజం. మిగతా నిజం ఏమిటంటే ఆ పిల్ల చెవులు నాకు ప్రాణం. చిన్నవి, ముందుకి కాస్త విచ్చుకుని ఉంటాయి. పిల్లి నడిచినా వింటుంది. పాటలంటే చెవి కోసుకుంటుంది. ఈ మాట ఇదివరకు నవ్వుతూ అనేదాన్ని. ఈ ఏడు అనబుద్ధి కావడం లేదు.

దానికేమో దుద్దు కావాలి. తన ఈడు పిల్లలంతా సాయంత్రం గోడకానుకుని కూర్చుని ఒకే పాట వింటూ ఒకేసారి తలలూపుతుంటే, ఇది పక్కన కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తూ ఉంటుంది.

"ఏసోబు మామ దుద్దు నీ పెట్టెలో ఊరికే పడుందిగా, అదే పెట్టు పిన్నీ" అంది ఇవాళ.

"అది ఏం చేసిందో చూశావుగా ఆయన చెవిని."

"అందరికీ అట్టా అవుద్దా ఏంది? ఎంతమందికి ఉన్నయ్యి, బానే ఉన్నారుగా."

"ఈ గాలి తగ్గనియ్యవే. మాఘమాసం పోయినాక చూద్దాం."

"నీ చెవి పోయిందని నా చెవులు గూడా మూసిపెడతావా?"

అనేసి లేచి వెళ్ళిపోయింది. అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే కోపం రాలేదు నాకు. ఆ మాటలో తప్పేముందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏమీ దొరకలేదు.

నమోదు 101

దుద్దుల పెట్టె తాళం ఎప్పుడూ నా కొంగుకే ఉంటుంది. ఇవాళ పొద్దున స్నానానికి పోతూ, విప్పిన చీర కొంగుకే దాన్ని వదిలేశాను.

హైమ దబ్బనంతో తనే చెవి కుట్టుకుంది. ఏసోబు దుద్దు పెట్టుకుంది. నేను తలుపు దగ్గరికి వచ్చేలోపే మొదటి జట్టుతో కలిసి బయటికి పోయింది. దుద్దుకి ఎవరి చెవైనా ఒకటే. వేడీ నాడీ ఉంటే చాలు, పని చెప్పేస్తుంది.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. మర ఎక్కానంది, రెక్క మీద గడ్డ ఒక్క దెబ్బకి ఊడిందంది, పని చేస్తుంటే పాట కూడా వచ్చిందంది. నేను మాటలు వినడం లేదు. దాని కుడి చెవి వైపు చూస్తున్నాను. అంచు నుంచి తమ్మె దాకా మైనంలా తెల్లగా ఉంది.

"నొప్పి పుడతందా?"

"లేదు పిన్నీ. పొద్దున్నయితే చచ్చేంత పుట్టింది. ఇప్పుడు హాయిగా ఉంది."

హాయిగా ఉందట.

షెడ్డు పెద్ద కరీముల్లా అన్న గబగబా బయటికి పోయి దోసెడు మంచు తెచ్చాడు, చెవికి రుద్దుదామని. వాళ్ళ నాన్న అలా చేసేవాడట. "అవతల పారెయ్ అన్నా, రుద్దితే తోలు ఊడొస్తది" అని అరిచాను. ఎవరో గొట్టానికి ఆనించి కూర్చోబెట్టమన్నారు. అదీ వద్దన్నాను. స్పర్శ లేని చెవి కాలిపోతున్నా దానికి తెలియదు. దుద్దు సీల మీద గోరువెచ్చటి నీళ్ళు చుక్కచుక్కగా పోసి, మంచు వదిలాక మెల్లగా తిప్పి తీశాను. పసిపిల్లకి పాలు పట్టేంత వేడిలో నీళ్ళు పెట్టి, గుడ్డ ముంచి చెవి మీద కప్పుతూ కూర్చున్నాను. నీళ్ళు చల్లారితే మళ్ళీ మార్చాను. నొక్కలేదు, రుద్దలేదు. లోపల మాత్రం నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. కరీముల్లా అన్న తన వైపు నుంచి తను మొక్కాడు.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత హైమ కెవ్వుమంది.

"అమ్మో పిన్నీ! మండిపోతంది! తియ్యి, తియ్యి!"

అది గింజుకుంటూ ఏడుస్తుంటే నేను నవ్వుతూ ఏడ్చాను. ఒక ఆడపిల్ల అంత గట్టిగా ఏడవడం నాకెప్పుడూ అంత ఇంపుగా వినపడలేదు. తెలుపు పోయి చెవి దానిమ్మ పువ్వులా ఎర్రబడింది. సాయంత్రానికి నీటి పొక్కులు లేచాయి. వాటిని చిదమొద్దని దాని చేతిలో చెయ్యేసి చెప్పించుకున్నాను. చెవి దక్కింది. ఇంకో గంట బయట ఉండి ఉంటే దక్కేది కాదు.

కేంద్రం వారూ, ఇప్పుడు ఈ మాట మీకే రాస్తున్నాను. మీ నియమాన్ని నేను ఇవాళ్టి నుంచి పెడచెవిన పెడుతున్నాను. నాకున్న సగం చెవి అందుకు సరిపోతుంది.

నమోదు 104

ఉపాయం మేకల కొట్టంలో దొరికింది. పాలు పితుకుతున్నాను. మేక తల తిప్పి నా మొహం మీద చెవులు విదిలించింది. ఆ చెవికి గుర్తుబిళ్ళ కోసం ఎప్పుడో వేసిన చిల్లు ఉంది. మా మేకలన్నిటికీ ఆ చిల్లులున్నాయి. ఒంటి వేడి ఉంది, నాడి ఉంది, చెవులు తెరిచే ఉంటాయి. కొట్టం షెడ్డు లోపలే, గాలి తగలదు, దుద్దు పెట్టినా చెవికి ఇబ్బంది లేదు.

కరీముల్లా అన్నకి చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"దుద్దులు మేకలకి పెడితే కోతగాలి వస్తందని మనకెవురు చెప్తారు నాంచారమ్మా? మర మీదున్నోడిని ఎత్తి అవతల పారేస్తది."

"హైమ చెప్పుద్ది. కొట్టంలో ఒక దుద్దు చేత్తో పట్టుకోని కూర్చుంటది. గాలి మాట వినపడంగానే గంట కొడతది."

"ఏ గంట?"

"బడిగంట. పాత బడి దగ్గర రైలుపట్టా ముక్క వేలాడతందిగా, తెచ్చి మన వాకిట్లో కడదాం. మంకీ క్యాపు కాదు, దిండు కట్టుకున్నా వినపడుద్ది."

"తెలిస్తే గొట్టాలు ఆపేస్తారు."

"ఆపనియ్ అన్నా. గొట్టాలు మళ్ళీ తెరుస్తారేమోగానీ ఏసోబుకి చెవి మళ్ళీ పెడతారా?"

కరీముల్లా అన్న దగ్గర ఒక మంచి గుణముంది. సరే అనడానికి ఎంతసేపైనా పడుతుంది కానీ అన్నాక వెనక్కి చూడడు. లేచి తన దుద్దు తనే తీసి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రానికి షెడ్డులోని ఉన్ని అంతా బయటపడింది. పాత స్వెట్టర్లు విప్పి, కంబళ్ళు కత్తిరించి, చెవులు మూసే టోపీలు కుట్టాం. తడిస్తే వెంటనే మార్చుకోవడానికి మనిషికి రెండు, ఎందుకంటే తడి ఉన్ని కట్టుకోవడం కన్నా ఊరికే ఉండడం నయం. అమ్మమ్మ మంకీ క్యాపు ఏసోబుకిచ్చాను. కుచ్చు తీసేస్తానంటే వద్దన్నాడు.

హైమ ఎడమ చెవి కూడా కుట్టమంది. దుద్దు కోసం కాదు, రెండూ సమానంగా ఉండాలట. కుట్టాను. కుడి చెవి చిల్లు పుండు మానేదాకా ఖాళీగా ఉంచాలి. ఎడమ చిల్లు పూడకుండా ఏదో ఒకటి పెట్టాలి, లోహం మాత్రం నా చేత్తో నేను పెట్టను. పెట్టె అడుగున అమ్మమ్మ తాటాకు విసనకర్ర కనపడింది. ఈ చలిలో విసనకర్రతో ఎవరికి పని? ఒక ఆకు చీల్చి, చుట్టి, చిల్లులో పెట్టాను. పూర్వం ఆడవాళ్ళు ఇలాగే తాటికమ్మ చుట్టి పెట్టుకునేవారని, చెవి కమ్మకి ఆ పేరు అందుకే వచ్చిందని అమ్మమ్మ చెప్పేది. హైమ అద్దంలో చూసుకుని చాలాసేపటికి నవ్వింది.

నమోదు 106

మేకలు బ్రహ్మాండంగా పని చేస్తున్నాయి.

దుద్దుల్లోంచి మాటలు సన్నగా కొట్టమంతా వినపడుతున్నాయి. "దయచేసి రెండవ మర వద్దకు వెళ్ళగలరు" అంటుంది. మేక నెమరేస్తుంది. "పని వేళల్లో ఆహారం తీసుకోవద్దని మనవి" అంటుంది. మేక ఇంకాస్త గట్టిగా నెమరేస్తుంది. పోతుమేక ఒకటి మే అని అరిస్తే "మీ మాట స్పష్టంగా లేదు, మరల చెప్పగలరు" అంది. అది మరల చెప్పింది. కొట్టంలో హైమ పడీపడీ నవ్విన నవ్వు మాకు తలుపు దాకా వినపడింది.

గంట రెండుసార్లు మోగింది. రెండుసార్లూ అందరూ క్షేమంగా లోపలికి వచ్చారు. టోపీలు తీయించి చూశాను. అన్ని చెవులూ వెచ్చగా, ఎర్రగా ఉన్నాయి. ఇన్నాళ్ళ నమోదుల్లో ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. సాయంత్రం దుద్దు పాటలకి కొట్టంలో పిల్లలంతా మేకల చుట్టూ చేరారు. హైమ మధ్యలో కూర్చుంది.

నమోదు 109

కొన్నాళ్ళు వేడి లెక్క చూసుకున్నాయి కాబోలు, తెల్లవారేసరికి దుద్దులన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టాయి.

"మీ శరీర ఉష్ణోగ్రత అధికంగా ఉంది. దయచేసి నీడలోకి వెళ్ళగలరు. నీరు త్రాగగలరు."

నీడలోకట! ఈ ఆకాశం కింద నీడ కానిదేముంది?

విషయం అర్థమై తల పట్టుకున్నాను. మేక ఒళ్ళు మన ఒంటికన్నా వేడి. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మేకపిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చలి కాచుకున్నదాన్ని, నాకు తెలియకనా? తెలుసు. ఆ వేళకి తట్టలేదు, అంతే. కేంద్రం కంటికి మిర్చి షెడ్డు మొత్తం వడదెబ్బ తిని పడిపోయింది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. అధికారి బయల్దేరాడట. ఏసోబు చెవి నల్లబడితే ఎవరూ రాలేదు. నా చెవి రాలిపోతే ఎవరూ రాలేదు. ఒళ్ళు వేడెక్కిందనేసరికి పరిగెత్తుకొస్తున్నారు.

దుద్దులు తీసి మళ్ళీ పెట్టేసుకుందామా అని ఒకరిద్దరు అన్నారు. కరీముల్లా అన్న వాళ్ళ వైపు చూసి, తన టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఆ తర్వాత ఎవరూ అనలేదు.

నమోదు 110

అధికారి పేరు భానుమూర్తి. సూర్యుడు కనపడక ఇన్నేళ్ళయినా పేర్లు మాత్రం మానలేదు. కుర్రవాడే, ముప్ఫై దాటి ఉండవు. మంచు బండి మా వాకిలి దాకా రాలేక గట్టు అవతలే ఆగిపోయింది. అక్కణ్ణుంచి నడిచొచ్చాడు. చెవులకి ఏమీ లేదు, దుద్దు తప్ప. వెనక మనిషి మోసుకొచ్చిన పెట్టెలో ఉన్నవి ఏమిటనుకున్నారు? ఐసు సంచులు. వడదెబ్బకి ఒంటి మీద పెట్టడానికట.

లోపలికొచ్చి చూశాడు. జనమంతా రంగురంగుల టోపీల్లో నిక్షేపంలా నిలబడి ఉన్నారు. తలుపు పక్కన కొట్టంలోంచి దుద్దు పెట్టుకున్న పోతుమేక ఒకటి మెడ చాచి అతని జేబు వాసన చూసింది.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

"నేనే చేశానయ్యా. చెవుల మనిషిని."

"ఇది ఎంత పెద్ద తప్పో తెలుసా అమ్మా మీకు? తక్షణం ఎవరి శ్రవణి వాళ్ళు ధరించాలి. కప్పకూడదు. హైమ అనే అమ్మాయి ఎవరు? ఆమెది కొత్తది తెచ్చాను. నా ఎదురుగానే పెట్టాలి."

జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో దుద్దు తళతళలాడుతోంది. హైమ ముందుకొచ్చింది. మొన్నటిదాకా దాని కోసం నాతో మాటలు మానేసిన పిల్ల. కుడి చెవికి ఇంకా పొక్కులున్నాయి. ఎడమ చెవికి తాటాకు చుట్ట ఉంది. అది డబ్బా వైపు చూడలేదు. అతని మొహం వైపు, ఇంకాస్త పక్కకి చూసింది.

"సార్, మీ చెవి నొప్పి పుడతందా?"

"ఏమిటి? లేదు. బండి దిగినప్పుడు మండింది. ఇప్పుడేమీ లేదు, బాగానే ఉంది."

షెడ్డులో అందరి చేతులూ టోపీల మీంచి చెవుల దగ్గరికి పోయాయి. అతనికి ఎందుకో అర్థం కాలేదు. మా అందరికీ అర్థమైంది.

"కూచో నాయనా" అన్నాను. అంతసేపూ అయ్యా అన్నదాన్ని, ఉన్నట్టుండి నువ్వులోకి దిగిపోయాను. ముట్టుకోవద్దన్నాడు. వినలేదు. భుజం పట్టి కూర్చోబెట్టాను. హైమ గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది. సీల వదిలించి దుద్దు తీసి పక్కన పెట్టాను. రెండు అరచేతులూ వెచ్చబరచుకుని అతని చెవుల మీద కప్పాను. పక్కనున్న దుద్దు తియ్యగా మొదలుపెట్టింది: "దయచేసి మీ శ్రవణిని వెంటనే ధరించగలరు." హైమ దాన్ని తీసుకెళ్ళి కొట్టంలో పెట్టొచ్చింది.

కాసేపటికి అతని పళ్ళు బిగుసుకున్నాయి. ఆ తర్వాత పెద్దగా అరిచాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"ఏడువు బాబూ, బాగా ఏడువు" అన్నాడు ఏసోబు, కుచ్చు ఊపుతూ. "నాకు ఆ అదృష్టం లేకపోయింది." తన టోపీ తీసి నల్లబడ్డ చెవి చూపించాడు.

భానుమూర్తి వంగి దాన్ని దగ్గరగా చూశాడు.

"ఇలా అవుతుందని మాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాసీ రాసీ నా వేళ్ళు అరిగిపోయినయ్యి. నమోదు చెయ్యమంది మీరే, చదవంది మీరే. మా చెవులు రాలిపోతంటే మీ చెవిన పడలేదు. మేకలకి ఒళ్ళు వెచ్చబడితే మాత్రం ఐసు పట్టుకోని వచ్చారు."

అతను తల దించుకున్నాడు. మంచివాడే. కానీ ఉద్యోగస్థుడు. "నేను చూసింది రాయాల్సిందే అమ్మా. రాస్తే గొట్టాలు ఆపేస్తారు" అన్నాడు.

"రాయి బాబూ, తప్పేముంది" అన్నాడు కరీముల్లా అన్న. "ఇంకో ముక్క గూడా రాయి. గొట్టాల్లోకి వేడి వచ్చేది మరలు తిరిగితేనే. మరలు తిరిగేది మేం గడ్డలు కొడితేనే. మా గొట్టాలు ఆగితే మేం గడ్డలు కొట్టం. అప్పుడు మీ గొట్టాలు గూడా ఎంతసేపో వెచ్చగుండవు. మాకు చెవులు మూసుకోవటం అలవాటయింది. మీకింకా కాలేదు."

పోయేటప్పుడు నా టోపీ అతని తలకి తొడిగి గడ్డం కింద ముడేశాను. వద్దనలేదు. దుద్దు తెచ్చిస్తే చెవికి పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు. ఇక్కణ్ణుంచి పొగాకు షెడ్డుకి, అక్కణ్ణుంచి పత్తి మిల్లుకి పోవాలట. మా షెడ్డులాంటివే, దారిలోనివే. ఐసు సంచులు వెనక్కి పట్టుకెళ్ళమన్నాం. ఐసు మాకు సరిపడా ఉంది.

నమోదు 112

గొట్టాలు ఆగిపోయాయి. అతను రాశాడన్నమాట.

అందరం పక్కపక్కనే మధ్య గదిలోకి చేరాం, మేకలతో సహా. మనుషుల ఆవిరికి తడిసి గోడల్లోంచి మిరప ఘాటు లేచింది. ఒకళ్ళు తుమ్మితే వరసగా అందరూ తుమ్ముతున్నారు. పడుకున్నా టోపీలు తియ్యొద్దన్నాను. పక్కవాళ్ళ చెవులు పక్కవాళ్ళే చూడాలన్నాను. హైమ పసిపిల్లల వరస చూసుకుంటోంది. ఒక్కొక్కరి దగ్గరా వంగి అదే ప్రశ్న అడుగుతోంది, నా గొంతుతోనే.

మర దగ్గరికి ఎవరం పోలేదు. రెక్కలు బరువెక్కి ఒక్కొక్కటే నిలబడిపోయాయి.

నాకు భయం లేదని రాస్తే అబద్ధమవుతుంది. పిల్లల్ని చూస్తే భయం వేస్తోంది. కానీ దుద్దు తీసుకొచ్చి ఇప్పుడు హైమ చెవికి పెట్టమంటే పెడతానా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. పెట్టను.

నమోదు 113

మధ్యాహ్నం హైమ ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

"పిన్నీ, వినపడతందా?"

"ఏంది?"

"గంట."

మా గంట దగ్గర ఎవరూ లేరు, మేమంతా లోపలే ఉన్నాం. దానికి చలితో మతి చెదిరిందేమోనని బెదిరిపోయాను. అది నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా లాక్కుపోయి, తలుపు వారగా తెరిచింది. నేను టోపీ ఒక పక్కకి పైకి ఎత్తాను, కుడి వైపు, నా మంచి చెవి వైపు. మొదట గాలి తప్ప ఏమీ లేదు. తర్వాత, చాలా దూరంగా, ఇనుము మీద ఇనుము. పొగాకు షెడ్డు వైపు నుంచి.

వాళ్ళకి గంటెక్కడిది? ఏ రైలుపట్టానో, ఏ నాగలి కర్రో వేలాడదీసుకుని ఉంటారు. దుద్దు చెవికి ఉన్నవాళ్ళకి గంటతో పనేముంది? వాళ్ళూ తీసేశారు. నా టోపీ పెట్టుకున్న కుర్రవాడు అక్కడ ఏం చెప్పాడో, లేక ఊరికే ఆ టోపీతో నిలబడ్డాడో.

"ఆగు, ఇంకోటి" అంది హైమ, కళ్ళు మూసుకుని. నాకు అది వినపడలేదు. దానికి వినపడింది. ఆ చిన్న చెవులకి, పొక్కులు ఇంకా మానని ఆ చెవికి. "పత్తి మిల్లు" అంది.

కరీముల్లా అన్న వెనక నుంచి వచ్చి ఇనుప కడ్డీ దాని చేతికిచ్చాడు. హైమ టోపీ సరిచేసుకుని, ముడి బిగించుకుని, గంట దగ్గరికి పోయి కొట్టింది. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టింది. అటువైపు నుంచి జవాబు వచ్చింది. గట్టు అవతల కనపడే వాళ్ళ మరల రెక్కలు కూడా కదలడం లేదు.

కేంద్రం వారికి. ఈ నమోదైనా చదువుతారని రాస్తున్నాను. మూడు షెడ్ల మరలూ ఆగి ఉన్నాయి. మీ దుద్దుల్లోకి మీరు పంపే మాటలన్నీ ప్రస్తుతం మేకలు వింటున్నాయి. మాతోనే మాట్లాడాలనుకుంటే ఇక్కడికి వచ్చి, ఎదురుగా నిలబడి మాట్లాడండి. వచ్చేటప్పుడు చెవులకి ఏదైనా కట్టుకుని రండి.